గింజలు ఉడికిన నీళ్లు

"ఇలా చిక్కిపోతే ఈ మనిషి ఒకరోజు కుర్చీలోంచి లేవనే లేవడే!"

పొయ్యి ముందు నిలబడి తల్లి ఆ మాట అనడం పొద్దుటినుంచి అది మూడోసారి. ముందుగదిలో భర్త పేపరు చదువుతున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన చేతులు ఇప్పుడు పేపరు బరువుకే వణుకుతున్నాయి.

"పొద్దున్నే అపశకునం మాటలేంటమ్మా?" జడ అల్లుకుంటూ విసుక్కుంది కూతురు. బళ్లో సైన్సు టీచరు. "నాన్న కిడ్నీలకి గింజలు పడవు. కూరలు ఉడికించి నీళ్లు పారబోసి పెట్టమన్నారు డాక్టరుగారు. అంతే!"

"సారమంతా సింకులో పోసి మొగుడికి పిప్పి పెడుతోందంటారు నలుగురూ."

"ఆ నలుగురూ వచ్చి రక్తపరీక్షలు చేయిస్తారా?"

కూతురు చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తల్లి చూపు గోడ మీదికి పోయింది. పిల్లలకి చూపించడానికి కూతురు గీసిన పట్టిక అది. ఒకవైపు కూరగాయలు, ఒకవైపు పప్పులూ గింజలూ. ఐదో తరగతితో చదువాపేసినా ఆవిడకి అంకెలు తెలుసు. మాంసకృత్తులు వంకాయలో ఒకటి, బొబ్బర్లలో ఇరవైనాలుగు. ఒకటెక్కడ, ఇరవైనాలుగెక్కడ! ఎముకలు తేలిన ఆ మనిషికి ఒకటి వడ్డించి తాము ఇరవైనాలుగు తినడమా? ఆయన పళ్లెం చూశాక ఆవిడకి తన కంచం ముందు కూర్చోబుద్ధయ్యేది కాదు.

గింజ వద్దన్నారు గనక గింజ పెట్టలేదు. తనకీ కూతురికీ ఉడికించిన బొబ్బర్ల నీళ్లు మాత్రం గుట్టుగా ఆయన కూరలో కలిపేది. నలభై రోజులుగా అదే వరస. నీళ్లే కదా, ఏమవుతుందిలే అనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆయన స్నానాలగది గుమ్మంలో కుప్పకూలాడు.

"పొటాషియం పెరిగి గుండె లయ తప్పింది. ఏం పెడుతున్నారు?" అని ఆసుపత్రిలో అడిగారు. తల్లి దాచలేదు, మొత్తం చెప్పేసింది.

కూతురు నిలువునా మండిపోయింది. "గింజల్లో ఉన్నది నీళ్లలోకి దిగుతుందమ్మా! అందుకేగా పారబొయ్యమంది!"

"నువ్వేగా గింజల్లో బలం ఎక్కువని పిల్లలకి చెబుతావు..."

"ఆ పట్టిక ఒంట్లో బాగున్నవాళ్లకి! నీ చేతులతోనే నాన్నని..."

మిగతా మాట మింగేసింది గానీ, అది తగలాల్సినచోట తగిలింది.

మూడు రోజులు తల్లి ఒక పూట, కూతురు ఒక పూట మంచం దగ్గర కూర్చున్నారు. ప్రాణగండం గడిచినా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరు పలకరించినా ఉలుకూ పలుకూ లేదు. తల్లి పచ్చి గంగ ముట్టలేదు.

నాలుగో పొద్దున మంచం పట్టె పట్టుకుని బావురుమంది. "తిట్టండి, కొట్టండి. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకండి! విషం కలిపింది నేనే కదా!"

కూతురు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "నాన్నా, రోజూ తినేవాడివి. తేడా తెలియలేదా నీకు?"

సెలైను చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. భార్య వేళ్ల కోసం దుప్పటి మీద తడుముకున్నాడు.

"మొదటిరోజే తెలిసింది," అన్నాడు. "నేను ఆ కూర తిన్న పూటే మీ అమ్మ కూర్చుని అన్నం తినేదమ్మా."