కల్లూరు ల్యాబ్‌లో కనిపించని శవాలు

ఆగండి. పేజీ తిప్పకండి. ముందు ఇది వినండి.

చచ్చినవి కోట్లలో. కంటికి మాత్రం ఒక్క శవమూ కనిపించదు!

2006 మార్చి. శుక్రవారం ఉదయం. కర్నూలు పక్కన కల్లూరులో ఓ చిన్న ప్రైవేటు ల్యాబ్. ఎస్సై ఉరుకుందప్ప వస్తూనే అడిగాడు.

"శవాలు యాడుండాయి మేడమ్?"

డాక్టర్ సుచరిత గాజు ప్లేట్లు చూపించింది.

"కడుపులో పుండు చేసే బ్యాక్టీరియా సార్. యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం. నా కరక్కాయ రసానికి చస్తుంది. మందుల కంపెనీ వాళ్లకి ఈ ఉదయమే చూపించాల్సింది. రసం పోసిన ప్లేట్లలో చావాలి, పోయని ప్లేట్లలో బతకాలి."

"బతకలేదా?"

"అన్నిట్లోనూ చచ్చింది. రసమే చంపిందంటే ఇంకెవరు నమ్ముతారు? కంపెనీ వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. ఎవరో కావాలనే చేశారు సార్."

ఈ బ్యాక్టీరియాకు మనం పీల్చే గాలిలో ఉన్నంత ఆక్సిజన్ పడదు, తగిలితే చస్తుంది. అందుకే ప్లేట్లను గాజు జాడీలో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగిస్తారు. లోపల ఆక్సిజన్ తగ్గగానే కొవ్వొత్తి ఆరిపోతుంది. సోమవారం అలా పెట్టిన జాడీని ఇంక్యుబేటర్‌లో ఉంచి తాళం వేశారు. ఈ ఉదయమే బయటికి తీశారు.

"తాళంచెవి ఎవరి దగ్గరుండాది?"

"నా దగ్గరే." రీసెర్చ్ స్టూడెంట్ అజయ్.

"రీసెర్చ్ పేపర్లో నీ పేరు కొట్టేసిందంట మేడమ్. కడుపు మండలేదా అప్పా?"

"మండింది. మేడమ్ మీద మండితే బ్యాక్టీరియా మీద పగ తీర్చుకుంటానా సార్? సోమవారం నుంచి ఈ ఉదయం దాకా తాళం నేను తీయలేదు."

"అందరూ అట్లే అంటారులే."

ఉరుకుందప్ప ప్లేట్లను వదిలేసి జాడీలోకి వంగి చూశాడు. అడుగున మైనం ముద్ద. వత్తి కూడా మిగల్లేదు.

"కొవ్వొత్తి వెలిగించిందెవరు?"

"నేనే." టెక్నీషియన్ జెస్సీ.

"మూత పెట్టింది?"

"నేనే."

"ఈ పొద్దు తీసింది?"

"నేనే సార్."

"మూత బిగిస్తే కొవ్వొత్తి కొంచెం కాలి ఆరిపోవాల. తర్వాత ఎవరు మూత తీసినా అది అట్లే ఉంటాది. ఇది అడుగుదాకా కాలింది. అంటే సోమవారమే మూత సరిగ్గా పడలే. ఇంక తాళంతో పనేముండాది పాపా?"

జెస్సీ తడబడలేదు.

"మూత కింద అగ్గిపుల్ల పెట్టినా సార్."

"ఎందుకు?"

"పత్తికొండ టమోటా మార్కెట్లో గంపలు మోసే దావీదురాజు తెలుసేమో మేడమ్‌నే అడగండి."

"ఆయన నీకేమవుతాడు?" అంది సుచరిత.

"మా నాయన. ఈమె మాత్రలు మానేసి రసం తాగమనింది. తాగినాడు. రక్తం కక్కుకొని పోయినాడు. పోయినాక, అట్లాంటి మనిషే తన దగ్గరికి రాలేదనింది. ప్లేట్లో చచ్చిన పురుగు మా నాయన కడుపులో చావలే సార్. ఆమె దీన్ని అమ్ముకునే పొద్దు ఎదురుగా నిలబడాలనే ఈడ చేరినా. నిలబడినా. ఆమె మొహం చూసినా. చాలు."

ఉరుకుందప్ప కాగితం, పెన్ను తీశాడు.

"కేసు రాయండి సార్" అంది జెస్సీయే. "కోర్టులో ఎందుకు చేసినావని అడుగుతారు గదా. అప్పుడు అందరి ముందర చెప్తా."

సుచరిత ఒక్క అడుగు ముందుకు వేసింది. "వద్దు సార్. నా కంప్లైంట్ వాపసు తీసుకుంటాను."

ఉరుకుందప్ప పెన్ను గాల్లోనే ఆగింది.

కేసు వదిలేస్తే జెస్సీ ఇంటికి వెళ్తుంది, కరక్కాయ రసం ఇంకో కంపెనీకి వెళ్తుంది. రాస్తే నిజం కోర్టుకి వెళ్తుంది, దాంతోపాటు ఆ పిల్ల జైలుకి.

ఆ పెన్ను మీ చేతిలో ఉంటే మీరేం చేస్తారు?