జమ్ముమడుగు కింద మూడు దెబ్బలు

తారానగర్ కింద జమ్ముమడుగు అంచున తెల్లారగట్ల ఒంటరిగా తిరిగే మొనగాడు నెట్టికంటప్ప ఒక్కడే. మామూలు మనిషా! పద్నాలుగు అడుగుల కొండచిలువను తలపాగాలా చుట్టుకొని సంతకు పోయినవాడు. దారి తప్పిన ఎలుగుబంటిని చెవి పట్టి సండూరు బస్సెక్కించి, టికెట్టు కూడా తీసిచ్చినవాడు. నమ్మకపోతే ఆ ఎలుగుబంటినే అడగండి. కండక్టరు రిటైరయ్యాడు.

అందుకే, మంచినీళ్ల పైపులైను మడుగు కిందుగా వేస్తున్నప్పుడు, అక్కడి జంతువుల్ని కాపాడే ఆఫీసరు హరిత ఏరికోరి అతన్నే పెట్టుకుంది. బళ్లారి బజారులో బట్టలకొట్టువాళ్ల పిల్ల ఆమె. పైపు కోసం తవ్విన ట్రెంచిలో పడిన తాబేళ్లనూ పాములనూ పొద్దున్నే ఏరి నీళ్లలో వదలాలి. సాయంత్రం పైపుల నోళ్లకు మూతలు బిగించాలి. వెల్డింగుకు ముందు ఒక కొసన లైటు పెట్టి, రెండో కొసకు పోయి లోపలికి చూడాలి. అదీ పని.

"తాతా, మూతలు మాత్రం మర్చిపోవద్దు. మడుగులో నీటికుక్క ఈనింది. రెండు పిల్లలు. వాటికి బొక్క కనబడితే చాలు, దూరతాయి."

"నేనుండంగా చీమ గూడ నన్నడిగే దూరతాది లేమ్మా!"

రెండు నెలల్లో మూడొందల తాబేళ్లను తీశాడు. టీ అంగట్లో చెప్పేటప్పుడు మూడు వేలు. ఒక్క లైటు పనే అతనికి గిట్టలేదు. రెండో కొసకు పోవాలంటే మడుగు చుట్టూ బురదలో అరగంట నడక, మోకాళ్లు ఒప్పుకోవు. దానికి సొంత పద్ధతి కనిపెట్టాడు. కట్టెతో పైపు మీద మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనిస్తాడు. "లోపల గుండె కొట్టుకున్నా నాకు తెలుస్తాది" అనేవాడు. వెల్డర్లు నమ్మారు. పోనుపోను తనూ నమ్మాడు.

ఒక సాయంత్రం టీ అంగట్లో ఎలుగుబంటి కథ మంచి పాకాన పడింది. ఆ కథ కోసం తొందరపడి వచ్చినవాడు ఒక మూత బిగించలేదు.

తెల్లారింది. మడుగు మీద మంచు. జమ్ములోంచి నీచువాసన. మూత లేని పైపు నోటి ముందు, బురదలో చిన్న చిన్న అడుగులు. వేళ్ల మధ్య తోలున్న అడుగులు. లోపలికి పోయాయి. బయటికి వచ్చినవి... కనబడలేదు.

"ఏన్ అజ్జా, ఆయ్తా? అయిందా?" గట్టు మీంచి సూపర్వైజరు చిదానంద అరిచాడు. "వెల్డర్లు కూచోనుండారు. ఆ చెవి పెట్టేదేందో బేగ పెట్టేసి రాప్పా!"

టక్. టక్. టక్.

చెవి ఆనించాడు. ఏమీ లేదు. అలికిడి వింటే ఊపిరి బిగబట్టే జంతువని ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు. కానీ అందరూ తననే చూస్తున్నారు.

"ఖాళీ" అన్నాడు. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టాడు.

మధ్యాహ్నానికి పైపు అతికారు, దించారు, మట్టి కప్పారు. సాయంత్రం హరిత వచ్చేసరికి ఆ మట్టి మీద తల్లి నీటికుక్క. మనుషుల్ని చూసి పారిపోలేదు. ముందుకాళ్లతో తవ్వుతోంది. ఆగి, ఈల వేసినట్టు కూసి, చెవులు రిక్కిస్తోంది. మళ్లీ తవ్వుతోంది.

"తాతా..." హరిత గొంతు తగ్గించింది. "లోపలికి లైటేసి చూస్తివి కదా? లేదంటే చెప్పు. ఇప్పుడే పైపు కోయిస్తా. నీళ్లు వదిలేది రేపే కదా. నిన్నొక్క మాట అనను."

నిజం ఒక్క మాట చెబితే చాలు. పక్కనే చిదానంద పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. నలభై ఏళ్ల పేరు.

"చూసినా తల్లీ. ఈ రెండు కండ్లతో."

ఆమె నమ్మింది.

అందరూ వెళ్లిపోయారు. మునిమాపు వేళ అతనొక్కడే, పైపు మట్టిలోంచి పైకి తేలిన చోట. కప్పలు ఎందుకో అరవడం మానేశాయి. వేలికణుపుతో మెల్లగా కొట్టాడు. టక్. టక్. టక్.

గాలి లేదు... జమ్ము కదలలేదు...

లోపల్నుంచి... టక్... టక్... టక్.

మెత్తగా. గోళ్లతో.

జేబులో ఫోనుంది. హరిత నంబరు మీద బొటనవేలు పెట్టాడు. తీశాడు. "పొద్దున చెప్తా" అనుకున్నాడు.

పొద్దున అతనికంటే ముందే మోటారు లేచింది. అవతలి కొసన నీళ్లు తేటగా దూకాయి. బురద రాలేదు. వెంట్రుక కూడా రాలేదు. తల్లి మూడు రోజులు ఆ మట్టి మీదే ఉంది. నాలుగో రోజు లేదు. హరిత రిపోర్టులో అతని పేరు రాసి మెచ్చుకుంది.

నెల గడిచింది. దీపాలు పెట్టే వేళ. నెట్టికంటప్ప అరుగు మీద కూర్చున్నాడు. కథ చెప్పమని ఎవరూ రాలేదు, వచ్చినా చెప్పేవాడు కాదు. ఇంటి ముందు కొళాయి ఉంది, ఆ ఊళ్లో నల్లి అంటారు. నిరుడు ఫోటో కోసం సిమెంటు గట్టు కట్టి నిలబెట్టిపోయారు. దాని కింద పైపే లేదు. భార్య మద్దమ్మ దాని మీద మసిగుడ్డలు ఆరేస్తుంది.

"ఇదో..." మద్దమ్మ గుసగుసలాడింది. "నల్లిని లోపల్నించి ఎవరో కొడతాండారు."

"గాలిలే."

"గాలి లెక్కపెట్టుకోని కొడతాదా?"

టక్. టక్. టక్.

నీచువాసన వచ్చింది. సిమెంటు గట్టు తడిసి ఉంది. ఆ తడిలోంచి మొదలై, వాకిలి దాటి, గడప దాకా... చిన్న చిన్న అడుగులు. రెండు జతలు. లోపలికి పోయాయి.

బయటికి వచ్చినవి లేవు.

మద్దమ్మ టార్చి అందించింది. "లోపలికి లైటేసి చూడు."

అతను లైటు వెయ్యలేదు. తలుపు దగ్గరికి లాగి, చెక్క మీద వేలికణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించాడు.

ఏమీ వినబడలేదు. లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు... ఏమీ.