ఎడమకి వాలిన కుట్లు

పొద్దున్నే నూనె రాసిన రొట్టె తిని, జెలిండా ఒక్కొక్క వేలూ గుడ్డతో తుడుచుకుంది. జిడ్డు చేత్తో తోలు ముట్టుకోకూడదని ఆమె పట్టుదల. బల్ల మీద అరవై ఏళ్లనాటి హ్యాండ్‌బ్యాగు ఉంది. మూత కుట్టు ఊడిపోతే, ఫ్లోరెన్సులో పాత బ్యాగులు అమ్మే దుకాణం వాళ్లు ఆమెకి పంపారు. మొన్ననే కుట్టడం ముగించింది.

చూపు సగం పోయింది. అందుకే వేళ్లతో తడుముతూ కూతురికి చెప్పసాగింది.

"ఈ అంచు చూడు లోరెల్లా. దీన్ని చేసినవాడు రంగు పూసి, ఆరబెట్టి, రుద్ది, మళ్లీ పూశాడు. గోరు పెట్టినా అతుకు దొరకదు. పెళ్లాంతో పోట్లాడని రోజున చేసుంటాడు."

"అయితే ఏడాదికి ఒక్కటే చేసుంటాడు," అంది లోరెల్లా గిన్నెలు కడుగుతూ.

జెలిండా నవ్వింది. ఆమె వేలు పాత కుట్ల వెంట నడిచి, తను కుట్టిన చోటికి వచ్చి ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

"ఇవి ఎడమకి వాలాయి."

కుళాయి ఆగింది.

"తోలు కుట్టే రెండు సూదుల్లో నాకు కుడిచేతిదే ముందు దూరుతుంది. నా కుట్టు కుడికి వాలుతుంది. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం నీదే. ఎప్పట్నుంచే?"

"ఈస్టర్ నుంచి. మధ్యాహ్నం నువ్వు కునుకు తీసేటప్పుడు నీ కుట్లు విప్పి మళ్లీ కుట్టేదాన్ని."

"అయితే ఇన్నాళ్లూ దుకాణం వాళ్లు మెచ్చుకున్నది నీ చేతినన్నమాట. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"ఎలా చెప్పను? నాన్న పోయిన మర్నాడే సూది పట్టుకున్నావు. అదీ లాక్కోమంటావా?"

జెలిండా బ్యాగుని తన వైపు లాక్కుంది.

"నా కుట్టు ఎలా ఉంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"పాత రంధ్రాలు తప్పి పొడిచావమ్మా. రెండుచోట్ల తోలు చిరిగింది. లోపల్నుంచి అతికించాను."

మూత వెనక వేలు పెట్టి ఆ రెండు అతుకులూ వెతుక్కుంది. అరవై ఏళ్లు ఎవరూ చెయ్యని గాయం. సూదుల డబ్బా మూసి కూతురి వైపు జరిపింది.

"దారం మరీ బిగలాగుతున్నావు. తోలు ముడుచుకుంటోంది. చూసుకో."

మధ్యాహ్నం మళ్లీ నూనె రొట్టె తిన్నారు. జెలిండా చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. లోరెల్లా గుడ్డ తెచ్చి, పక్కన కూర్చుని, ఒక్కొక్క వేలూ తుడవసాగింది.

"ఇప్పుడెందుకే?" అంది తల్లి. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.