వెంట్రుకవాసి తెలుపు

పొయ్యి మీద పాలు పెట్టి ముందుగదిలోకి వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "మళ్ళీ నల్లబడిందే!" అంది.

కూతురు నిద్రమొహంతోనే పరుగెత్తుకొచ్చింది. బల్ల మీద నిన్న సాయంత్రం నాన్న పెన్సిలుతో గీసి వదిలేసిన కామిక్స్ పేజీ ఉంది. నలుపు నింపాల్సిన చోటల్లా ఆయన చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. ఇప్పుడు ఒక్క గుర్తూ మిగల్లేదు. అందులో నాన్న కథల జంట వీరుల్లో ఒకడైన మెరుపు కూలిన సొరంగంలో రాళ్ళ కింద చిక్కుకుపోతే, వాణ్ణి వదిలి కదలనని రెండోవాడు నీడ పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిలువెల్లా తడి సిరా.

ఆ పేజీలకు సిరా వేసేది నాన్న స్నేహితుడు. ఇంటిల్లిపాదికీ ఆయన సిరామామయ్య. జీవితమంతా ఒకే బల్లకు ఇటు నాన్న, అటు మామయ్య. నీడ భుజం మెరుపు భుజానికి ఆనినచోట మామయ్య వెంట్రుకవాసి తెలుపు వదిలేవాడు. అదీ ఉంది ఈ పేజీలో. మామయ్య మాత్రం చలికాలంలోనే పోయాడు.

"ఇక నావల్ల కాదు నాన్నా!" అంది కూతురు, బల్ల దగ్గర కూర్చునున్న ఆయనతో. " డాక్టరుతో మాట్లాడాను, ఇవాళే వెళ్తున్నాం. ఈ బల్లా తీయించేస్తాను."

"బల్ల జోలికి రాకు తల్లీ."

"అయితే నిజం చెప్పు! నువ్వేగా రాత్రిళ్ళు లేచి సిరా వేస్తున్నది? అమ్మ ఎలా హడలిపోతోందో చూడు. నీకు మతిగాని పోయిందా?"

నాన్న తల దించుకున్నాడు. "నేనేలే. పద, డాక్టరు దగ్గరికే పోదాం."

ప్రతిదానికీ మొండికేసే మనిషి అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. ఆయన చేతులు లాగి చూసింది. పెన్సిలు మరక తప్ప ఏమీ లేదు.

"నీ చెయ్యి..." అంది అమ్మ.

కూతురి అరచేతి అంచు, చిటికెనవేలి పొడవునా, నల్లగా ఉంది.

"నిద్రలో లేచి వస్తున్నావమ్మా," అన్నాడు నాన్న. "లేపితే భయపడతావని పక్కన కూర్చుంటున్నా. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీకిది నేర్పింది మీ సిరామామయ్యేగా. వాడు పోయిన రోజు అన్ని పనులూ నువ్వే చూశావు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు."

"మరి నేను నిన్ను అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకుంటావా?"

"మా కథలు ఎన్నింటికి రంగులేశావు! మెరుపు మీదికొచ్చిన ఆపదను నీడ తన మీద వేసుకోకుండా ఎప్పుడైనా ఉన్నాడా?"

ఆమె ఆయన ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. ఎవరూ లేవలేదు.

"డాక్టరు దగ్గరికి నేనొస్తాను, నాకోసం," అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ.

నాన్న గుర్తులు పెట్టిన కొత్త పేజీ పరిచాడు. ఈసారి ఆమె తెలిసే కుంచె పట్టుకుంది. ఆయన రెండు చేతులూ పాలు లేని కాఫీ కప్పు చుట్టూ ఉన్నాయి. అమ్మ గుమ్మంలో ఉంది. ఎడమ నుంచి ఒక్కొక్క గుర్తే నింపుకుంటూ వెళ్ళిన ఆమె చెయ్యి సగంలో ఆగిపోయింది. కుడి చివర, మామయ్య ఖాళీ స్టూలు వైపు, నీడ భుజం మీది ఇంటూ అప్పటికే తడిగా నల్లబడి ఉంది.

ముగ్గురూ చూశారు. ఆమె తన నలుపును దాని దాకా తీసుకెళ్ళి, వెంట్రుకవాసి తెలుపు వదిలి ఆపింది.