తొమ్మిదో సీసా

ఎనిమిదో సీసాను కూడా నీలవేణి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు.

అప్పటిదాకా తాళం వేసి ఉంచే ప్రయోగశాల తలుపు సీసాల రోజున తీయకముందే రొద వినిపించాలి. ఏటా అంతే. ఒక్కో సీసాలో ఒక జత పండు ఈగల్ని వదిలితే, వాటి పిల్లలూ ఆ పిల్లల పిల్లలూ కలిసి ఈ రోజుకల్లా గాజును నల్లగా కమ్మేసేవి. తరువాత అడుగునున్న మేత పేస్టు అయిపోయి, గుట్టలుగా రాలిపోయేవి. పిల్లలు ముక్కు మూసుకుని లెక్కపెట్టి పటం గీసేవారు. మెల్లగా మొదలై, నిటారుగా ఎగబాకి, మెట్టు తప్పినట్టు కిందికి జారే గీత. అది పూర్తికాగానే అందరూ లేచి నిలబడి సీసా ప్రమాణం చెప్పేవారు. "సీసా చిన్నది. గాలి కొలత. మేం మితం." పాత బొగ్గు సొరంగాల్లో కట్టుకున్న ఈ గని ఊళ్లో ఆ ప్రమాణం చెప్పకుండా పెద్దయినవాళ్లు లేరు. నీలవేణి కూడా ఇదే గదిలో, ఆ మూల బల్ల దగ్గర నిలబడి చెప్పింది.

ఈసారి ఎనిమిది సీసాల్లోనూ మొదట వదిలిన జతే ఉంది, కాళ్లు ముడుచుకుని, వెల్లకిలా. పేస్టు మీద గుడ్లు ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక్క పురుగూ తొలుచుకుని లోపలికి పోలేదు. పేస్టు పోసిననాడు ఎంత నున్నగా ఉందో ఇప్పుడూ అంతే నున్నగా ఉంది.

మొదట ఆమె చిన్న విషయానికే భయపడింది. కాసేపట్లో, ఊరికి గాలీ నీళ్లూ పంచే గాలివాటా మండలి నుంచి పర్యవేక్షకుడు వస్తాడు. తప్పు తనదే. ఏటా ప్రయోగం నీళ్లు మూత బిగించిన డబ్బాల్లో మండలి వాళ్లుండే పై అంతస్తు నుంచి వచ్చేవి, ఈసారి రాలేదు. తను కొత్త పెళ్లికూతురు, అప్పుడే సెలవు ముగించుకుని వచ్చింది, మనసు నేలమీద లేదు. నీళ్లు నీళ్లే కదా అనుకుంది. పిల్లల చేత బడి కుళాయి నీళ్లతోనే మొక్కజొన్న పిండీ బెల్లమూ కలిపించి, ఒక్కొక్కరి పేస్టూ విడివిడిగా వేడిపలక మీద దగ్గరపడేదాకా ఉడికించింది. మంట పేరెత్తడానికే వీల్లేని ఊళ్లో ఏదైనా ఉడికే చోటు ఆ పలక ఒక్కటే. ఇళ్లకు భోజనం చల్లటి పళ్లేల్లో వస్తుంది.

తొమ్మిదో సీసా సమ్మక్కది. నీలవేణి దాన్ని ఎత్తకముందే అది రొద చేసింది.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గాజు గోడ నిండా ప్యూపాలు, అటుకులు అంటించినట్టు. వాటి మధ్య ఎర్రకళ్ల ఈగలు ఒకదానిమీదొకటి ఎక్కుతూ, రెక్కలు దులుపుకుంటూ, తోసుకుంటూ ఉన్నాయి. సీసాను బల్బుకు ఎదురుగా తిప్పి, పెళ్లిలో బిందెలోంచి ఉంగరం తీసిననాటి లాగా తనలో తాను నవ్వుకుంది.

మిగతావి ఎందుకిలా అయ్యాయో చూద్దామని మొదటి సీసా దూది బిరడా లాగి వాసన చూసింది. సోంపు వాసన.

అలవాటుకొద్దీ పెదవుల మీదికి చిరునవ్వు వచ్చింది. అది ఓదెలు చేతుల వాసన. పంపుహౌసు డ్యూటీ దిగి వచ్చిన భర్త అరచేతిని చెంపకింద పెట్టుకుని పడుకోవడం ఆమెకు ఈ మధ్యే అబ్బిన సంతోషం. ఎంత కడిగినా ఆ వాసన పోదు. మొన్న ఏం వాసన ఇది అని అడిగితే నాలుగో డబ్బాది అన్నాడు. ఊరి నీళ్లలో రోజూ కలుపుతారట, కడుపు చల్లగా ఉండేందుకట, మండలే పంపుతుందట. "నీకు నచ్చిందంటే ఇంకో రెండు చుక్కలు ఎక్కువ పోస్త తియ్," అని నవ్వించాడు.

చిరునవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. రెండో సీసా బిరడా తీసింది. మూడోది తీసింది. అన్నిట్లోనూ అదే. కుళాయి నీళ్లలో ఆనవాలు తెలియని వాసన, ఉడికి చిక్కబడ్డాక బయటపడింది. తొమ్మిదో సీసాలో మాత్రం పులిసిన బెల్లం వాసనే ఉంది.

ఆమె స్టూలు మీద కూలబడింది. వాళ్ల గుమ్మానికి కట్టిన పచ్చదారం గుర్తొచ్చింది. సంతాన అనుమతి చీటీ తగిలిన ఇంటికి మండలి కట్టే దారం. పెళ్లైన వారానికే తగిలిందని వీధంతా వచ్చి బుగ్గలు గిల్లి పోయారు. ఆడపిల్లయితే నీ ముక్కు రావాలి, నీ గురక రావొద్దు అని ఓదెలు రోజూ ఏడిపిస్తూనే ఉన్నాడు. ఆ వీధిలో పచ్చదారం లేని గుమ్మం తక్కువ. రంగు వెలిసిపోయిన దారాలే అన్నీ. ఒక్క ఇంట్లోనూ ఉయ్యాల లేదు. బడిలో ఒకటో తరగతి గదికి తాళం వేసి, విరిగిన బల్లలు పెడుతున్నారు. అందరూ దాన్ని అదృష్టం తిరగకపోవడం అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది.

తలుపు కిర్రుమంది. సమ్మక్క, తన సీసా చూసుకోవడానికి అందరికంటే ముందు వచ్చింది. నీలవేణి దగ్గరికి పిలిచి, పేస్టు కలిపిన రోజు వేరేగా ఏమన్నా చేశావా అని అడిగింది. పిల్ల చూపులు నేలకు దిగాయి. తిట్టనని టీచరు ఒట్టు వేశాకే నోరు విప్పింది.

"నా గ్లాసు ఒలికిపోయింది టీచర్. మళ్లడిగితే తిడ్తరని గోడనీళ్లు పట్టిన."

బొగ్గు పొరల్లోంచి చెమటలా ఊరే నీళ్లు అవి. నాలుక మీద వేసుకుంటే పేగులు కుళ్లిపోతాయని ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది. పట్టుబడితే గాలివాటా కోస్తారు.

"ఈగలు సస్తయని మస్తు భయపడ్డ," అంది సమ్మక్క. తరువాత ఇంకా దగ్గరికి జరిగింది. "మా నాయనమ్మ రోజు గవ్వే తాగుతది. ఎవ్వలకు చెప్పొద్దంటది."

నీలవేణి పిల్ల తల నిమిరి, తనకు తప్ప ఇంకెవరికీ చెప్పవద్దని పంపేసింది.

పర్యవేక్షకుడు రాజలింగం మిఠాయి పొట్లంతో వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, మర్యాదస్తుడు. కూతురు పుట్టిందని, అచ్చం వాళ్లమ్మ పోలికేనని చెబుతూ పొట్లం విప్పబోయాడు. పై అంతస్తు వాళ్లందరి లాగే అతని నడుముకూ ఉక్కు నీళ్లసీసా వేలాడుతోంది. బల్లమీది సీసాల వరస చూశాక పొట్లం విప్పుతున్న వేళ్లు ఆగాయి. ఈగలకేమైందని అతను అడగలేదు.

"నీళ్లు యాడియి, టీచరమ్మా?"

"కుళాయివి, సార్."

అతను వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆ ఒక్క పనితో నీలవేణికి అంతా తెలిసిపోయింది. నీళ్లలో అది ఎందుకు కలుపుతున్నారని ఆమె అడిగితే తప్పించుకోలేదు. తన మీదే జాలిపడాలన్నట్టు మెల్లగా చెప్పాడు. పైనున్న గాలియంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి, కొత్తవి చేసేవాళ్లు లేరు, పుట్టేవాళ్లకు గాలి చాలదు. పిల్లల్ని కనొద్దని దండోరా వేస్తే జనం పంపులు పగలగొడతారు.

"అనుమతి ఉన్నదంటే ఆశ ఉంటది," అన్నాడు. "ఆశ ఉన్నోడు పొద్దుగాల లేచి పనికి పోతడు."

"మా ఆయనకు తెలుసా?"

"తెలిస్తే పోస్తడా?"

ఆమె గుండెలో భయం మధ్యలోనే ఒక చిన్న చల్లదనం తగిలింది. ఓదెలుకు తెలియదు. అంతలోనే రాజలింగం మిగతాది చెప్పాడు. తెలిసినవాళ్లను పంపుహౌసులో ఉంచరు. ఎక్కడ ఉంచుతారో మాత్రం చెప్పలేదు. సంచిలోంచి అచ్చువేసిన పటం చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో ఎప్పటి గీతే ఉంది. ప్రయోగం పాడైందని చెప్పి దాన్ని గోడకు వేలాడదీస్తే చాలు.

"మీ ఇంటికి పైనీళ్లు పంపిస్త. మీ ఇద్దరికే," అన్నాడు. తల వంచుకున్నాడు. "ఏడాది తిరిగేలోపల మీరే నాకు మిఠాయి పెడ్తరు."

గంట మోగింది. పిల్లలు లోపలికి వచ్చి ఎవరి సీసా ముందు వాళ్లు కూర్చున్నారు. ఎనిమిదిమంది గాజులోకి చూసి మొహాలు ముడుచుకున్నారు. రాజలింగం గది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నీలవేణి చేతిలోని చుట్ట చెమటకు తడిసింది. పైనీళ్లు. ఉయ్యాల. ఆ ముక్కు. విప్పి మేకుకు తగిలిస్తే చాలు, ఈ గదిలోంచి ఇంటికి పోయి ఎప్పటిలాగే ఆ అరచేతిని చెంపకింద పెట్టుకోవచ్చు. చుట్టను సగం విప్పింది కూడా.

ముందు వరసలో తిరుపతి అనే పిల్లవాడు చెయ్యెత్తాడు. వాడికి ఎప్పుడూ వేళాకోళమే.

"మా ఈగలకు అనుమతి రాలేదా, టీచర్?"

తరగతంతా పగలబడి నవ్వింది. సమ్మక్క కూడా నవ్వింది. ఇంకో పదేళ్లకు వీళ్ల గుమ్మాలకూ పచ్చదారాలు కడతారు. వీళ్లూ పళ్లేలు ముందు పెట్టుకుని, పుట్టబోయే బిడ్డ ముక్కు గురించి పోట్లాడుకుంటారు. దారాలు మాత్రం వెలిసిపోతూ ఉంటాయి.

"వచ్చింది," అంది నీలవేణి. "అన్నిటికీ వచ్చింది."

పటాన్ని చుట్టి బల్లమీద పెట్టేసింది. సుద్దముక్క అందుకుంది. బోర్డు మీద ఒక గీత ఎగబాకుతూ గీసింది. దాని కింద నేల పట్టుకుని పోయే గీత గీసింది. ఒకే గాజు, ఒకే పిండి, ఒకే బెల్లం, ఒకే గాలి అని చెప్పింది. తేడా నీళ్లలో ఉందని చెప్పింది. ఎనిమిదింట్లో కుళాయి నీళ్లు, తొమ్మిదో దాంట్లో గోడనీళ్లు.

"గోడనీళ్లు పోసింది నేను," అంది. "సమ్మక్కకు తెల్వది."

సమ్మక్క తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. రాజలింగం ఒక అడుగు ముందుకు వేశాడు.

"ప్రయోగం తప్పు పోయింది, పిల్లలూ. టీచరమ్మకు ఒంట్లో మంచిగ లేదు."

అప్పుడే నీళ్లగంట మోగింది. పొడిగాలి ఊరు కాబట్టి ఏ పాఠం ఎక్కడున్నా ఆ గంటకు ఆగి నీళ్లు తాగాల్సిందే. గోడ కుళాయి దానంతటదే తెరుచుకుంది. పిల్లలు లేచి ఒక్కొక్కరే గ్లాసు నింపుకుని బల్లల దగ్గరికి వచ్చారు. ఎవరూ తాగలేదు. ఇంటికి వచ్చిన మనిషి గొంతు తడవనిదే ఇంటివాళ్లు తాగకూడదని గని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్లు మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

నీలవేణి కుళాయి దగ్గరికి వెళ్లి గ్లాసు నింపింది. నీళ్లు అంచు మీంచి ఒలికి మణికట్టు మీదుగా మోచేతిదాకా పాకాయి. బల్లల మధ్యనుంచి నడిచి వెళ్లి గ్లాసు అతని ముందు చాపింది.

"తీసుకోండి, సార్. పిల్లలు ఆగుతున్నరు."

అతను అందుకున్నాడు. ఒక్క గుక్క తాగితే ఏమీ కాదని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. తాగితే చాలు, బోర్డు మీది రెండు గీతలూ పిచ్చిగీతలైపోతాయి, పెళ్లి మైకంలో టీచరు పేస్టు చెడగొట్టిందని ఊరు నవ్వుకుంటుంది. గ్లాసు పెదవులదాకా లేచింది. అతని రెండో చెయ్యి తనకు తెలియకుండానే నడుముకున్న ఉక్కుసీసాను తడుముతోంది. తరగతి మొత్తం ఆ చేతినే చూస్తోంది.

గ్లాసు పెదవుల దగ్గర అలాగే ఉండిపోయింది. తరువాత మెల్లగా కిందికి దిగింది. గ్లాసును చివరి బల్లమీద పెట్టి, దానికేసి చూడకుండా నిలబడ్డాడు.

సమ్మక్క తన గ్లాసును బల్లమీద పెట్టింది. తిరుపతి పెట్టాడు. ఆ పక్కవాడు పెట్టాడు. గ్లాసు అడుగు చెక్కకు తగిలిన చప్పుడు ఒక్కో బల్లనుంచీ వచ్చింది. కుళాయి ఇంకా పారుతూనే ఉంది. ఈపాటికి ఓదెలు పంపుహౌసులో ఈలవేసుకుంటూ నాలుగో డబ్బా మూత తిప్పుతుంటాడు. అతనికి ఎవరు చెబుతారో, చెప్పాక అతన్ని ఏం చేస్తారో ఆమెకు తెలియదు. ఆమె బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

గదిలో తొమ్మిదో సీసా ఒక్కటే రొద చేస్తోంది.