ఏడో వెర్షన్ ఫోను

పోలండ్‌లో ఒక చిన్న ఊరి పోస్టాఫీసు మెట్ల మీద, పట్టపగలు, ఒక ప్రోగ్రామర్‌ను సైలెన్సర్ తుపాకీతో కాల్చి చంపారు. జేబులో పర్సు ఉంది. చేతికి వాచీ ఉంది. పోయిందల్లా ఒక పాస్‌వర్డ్.

పదకొండు రోజుల తర్వాత విశాఖలో నిఘా విభాగం చీఫ్ సూర్యప్రకాష్ ఆ శవం ఫోటో టేబుల్ మీద పెట్టాడు.

"ఈ చావు పలాస దాకా వచ్చింది, ధీరజ్."

"ఎవరతను?"

"ఫోన్‌లో మ్యాప్ గీసే లైబ్రరీ, అంటే సిద్ధంగా వాడుకునే కోడు, రాసినవాడు. ఎన్నో యాప్‌లు దాన్ని అరువు తెచ్చుకుని నడుస్తున్నాయి. చంపిన ముఠా పాత వెర్షన్‌లో విషం కలిపింది. కొత్త వెర్షన్ శుభ్రంగానే ఉంది. కానీ అది ఆండ్రాయిడ్ ఎనిమిది, ఆపైన ఉన్న ఫోన్లలోనే పనిచేస్తుంది."

"మనకేం సంబంధం?"

"పలాసలో ఊరట అని ఒక యాప్ ఉంది. డయాలసిస్ రోగులకు మెషీన్ మీద వంతు రాగానే మోగుతుంది. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో పాత ఫోన్లు ఎక్కువని, అది పనిచేసే కనీస ఆండ్రాయిడ్ వెర్షన్ ఆరు దగ్గరే ఉంచారు. అందుకే పాత లైబ్రరీనే పట్టుకుని వేలాడుతోంది. మూలపేట రేవు పనివాళ్లలో ముప్ఫై ఎనిమిది మంది ఇళ్లలో రోగులున్నారు. వాళ్ల ఫోన్లలోనూ ఆ యాప్ ఉంది. వచ్చే నెల మొదటి గురువారం, పొద్దున పదకొండు గంటలకు, మన రహస్య నౌక ఆ రేవులో ఆగుతుంది. అదే నిమిషానికి ముఠా ఆ ఫోన్ల కెమెరాలు, మైకులు తెరుస్తుంది."

"ఫోన్లు లాగేసుకుంటే?"

"నౌక వస్తోందని మనమే చాటింపు వేసినట్టు. యాప్ తాళం ఇందు చేతిలో ఉంది. టెక్కలి అమ్మాయి, ఆ యాప్ నడిపేది ఆమే. ముఠాతో మాట్లాడుతోంది, మనతోనూ మాట్లాడుతోంది. ఎవరి మనిషో ఆ దేవుడికే తెలియాలి. నీ కోడ్ పేరు జీడిపిక్క."

మూడో రోజుకల్లా పలాస డయాలసిస్ సెంటర్ గేటు ఎదుట ఒక సెల్ రిపేర్ బల్ల వెలిసింది. సోల్డరింగ్ ఐరన్ పిడిలో ట్రాన్స్‌మిటర్. ధీరజ్ గడ్డం పెంచాడు, లుంగీ కట్టాడు, ఊరి మాట పట్టాడు. గూఢచారికి మాట పట్టుబడడం మంచిదే. మనుషులు మనసుకు పట్టుబడితేనే చిక్కు.

సుమ్మాదేవి కొబ్బరి రైతు మల్లేశ్వరరావు అలా పట్టుబడ్డాడు. వంతు ఎప్పుడొస్తుందో తెలియక పొద్దున్నే వచ్చి గోడవార ఎండలో కూర్చునేవాడు. అతని చేతిలో కొడుకు రమేష్ వాడి వదిలేసిన ఫోను. సిమ్ లేదు, ఎదురింటి వైఫైతో నడిచేది. ధీరజే అందులో ఊరట వేశాడు. యాప్ నంబరు అడిగితే రమేష్ నంబరు కొట్టాడు.

"మావా, ఇది మోగితేనే రా. ఊరికే వచ్చి ఎండలో కూకోకు."

"అలాగే బాబూ. నువ్వు సెప్పినాక ఇంకేటి," అన్నాడు మల్లేశ్వరరావు.

బుధవారం మధ్యాహ్నం ఎర్ర కారు ఆగింది. నల్లద్దాలు, పట్టుచీర, బజారంతా తిరిగి చూసేంత సెంటు వాసన.

"స్క్రీన్ మార్చాలి," అంది ఇందు.

"ఒరిజినలా, డూప్లికేటా?"

"ఒరిజినల్ దొరికితే డూప్లికేట్ ఎందుకు?"

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "వారం ఆగండి. ఎనిమిది కంటే తక్కువ ఫోన్లున్న రోగులు నలభై ఒక్కరున్నారు. కొత్తవి పంచుతాను, అప్పుడు పెంచుదాం."

"నౌక రేపే."

"ఆరు దగ్గరే ఉంచుతానని ముఠాకి మాటిచ్చాను. ఎనిమిది చేస్తానని మీకిచ్చాను. నన్ను నమ్మినవాళ్లు ఆ నలభై ఒక్కరే, ధీరజ్ గారూ."

"వాళ్లందరికీ నేను ఫోన్ చేసి చెబుతాను," అన్నాడతను. నిజంగానే చెబుదామనుకున్నాడు.

గురువారం పదకొండుకి నిమిషం ముందు, బల్ల పక్కన ఆపిన కారు వెనక సీట్లో ఇందు ల్యాప్‌టాప్ తెరిచింది. ఎదుటి కొబ్బరిబోండాల బండివాడు ముఠా మనిషే; కత్తి కింద పెట్టి పిస్తోలు తీశాడు. ధీరజ్ కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌ను వాడి మణికట్టుకు ఆనించాడు. పిస్తోలు బోండాల మధ్య పడింది.

"నొక్కు!"

కనీస వెర్షన్: ఎనిమిది. ఇందు వేలు పడేసరికి ఇంకా ఆరు సెకన్లున్నాయి. పాత యాప్‌లన్నిటినీ సర్వర్ అక్కడికక్కడే ఆపేసింది. మూలపేటలో ఒక్క కెమెరా కూడా తెరుచుకోలేదు. నౌక వచ్చింది, వెళ్లింది.

ఆ పొద్దునే సెంటర్‌లో ఒక మెషీన్ చెడి వంతులన్నీ మారాయి. ముందే చెబితే ముఠాకు పొక్కుతుందని, నొక్కాకే ధీరజ్, ఇందు జాబితా ముందేసుకుని ఫోన్లు చేశారు. గంటన్నరలో నలభై మంది పలికారు. నలభై ఒకటో నంబరు స్విచాఫ్. పక్కన పేరు మల్లేశ్వరరావు. అది చెన్నైలో షిఫ్టులో ఉన్న రమేష్ నంబరు. కొట్టింది తనే.

మల్లేశ్వరరావు వంతు పదకొండున్నరకి వచ్చి వెళ్లిపోయింది. సోమవారం వంతు కూడా మెషీన్ చెడే పోయింది.

ధీరజ్ ఆటో వేయించుకుని సుమ్మాదేవి చేరేసరికి అతను అరుగు మీద ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పక్కన సంచి, ఒళ్లో ఫోను. కాళ్లు వాచిపోయాయి. ఊపిరి అందడం లేదు.

"మోగనేదు బాబూ. మోగితేనే కదేటి రమ్మన్నావు."

"పొద్దున్నించీ ఎల్దారి రమ్మంతన్నాను," అంది భార్య రాజులమ్మ. "ఇనుకుంతేనా? ఆ బాబు సెప్పినాడంటే మోగుతాదంతాడు."

ధీరజ్ అతన్ని రెండు చేతులా లేపాడు. ఆటోలో పలాస దారి పట్టారు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి దాటేలోపు మల్లేశ్వరరావు ప్రాణం పోయింది. తల ధీరజ్ భుజం మీదే ఉంది. చిన్నప్పుడు తండ్రి పోయినప్పుడు కూడా ధీరజ్ అంతలా ఏడవలేదు.

"నొక్కింది నా వేలు," అంది ఇందు ఆ సాయంత్రం.

"నొక్కమన్నది నేను."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకున్నంత మాత్రాన ఎవరి పిడికిలీ తేలిక కాలేదు.

పన్నెండో రోజు పోయాక రాజులమ్మ ఆ ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది కాస్త బాగుసెయ్యి బాబూ. నాకూ రాసేసినారు డయాలసిస్."

ధీరజ్ సెట్టింగులు తెరిచాడు. ఆండ్రాయిడ్ ఏడు. దానికి ఎవరూ ఏమీ చేయలేరు. అతను జేబులోంచి తన ఫోను తీసి, అందులోని రహస్యాలన్నీ చెరిపి, కొత్త ఊరట వేసి, కొత్త సిమ్ పెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"మోగినా, మోగకపోయినా వచ్చెయ్యి అత్తా. నేను సూసుకుంతాను."

ప్రభుత్వ రహస్య ఫోను పోగొట్టినందుకు ధీరజ్ మీద విచారణ పడింది. సంజాయిషీ రాయమంటే ఒక్క వాక్యం రాశాడు: "పోలేదు సార్, సుమ్మాదేవిలో డ్యూటీలో ఉంది."