తూఫాన్ కింది నిమ్మకాయలు

విద్యావతి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

కింద పాత పేపరు. పక్కన గిన్నె. ఈనె లాగడం, కాయ విరవడం, గిన్నెలో వేయడం. ఇంకా సగం కూడా కాలేదు. టైం ఉదయం ఆరూ యాభై.

తొమ్మిది రోజులు బతుకమ్మ బందోబస్తు. పదో రోజు దసరా బందోబస్తు. బూట్లు విప్పితే పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఇవాళ వీక్లీ ఆఫ్. ఈ ఒక్క కూర వండుకుని, తిని, పడుకోవాలి. అంతకు మించి ఆశ లేదు ఆమెకు.

ఫోను మోగింది. కానిస్టేబుల్ భూపాల్.

"మేడమ్, నాంపల్లిల బండి పోయింది."

"బండి పోతే నేనెందుకు భూపాల్? క్రైమ్ టీం లేదా?"

"అందరు దుర్గమ్మ నిమజ్జనం డ్యూటీల ఉన్నరు మేడమ్. ఎస్సైలల్ల మీరొక్కరే మిగిలిన్రు. గిది మామూలు బండి గాదు. నాలుగు చక్రాలుంటయి, మళ్ల హ్యాండిలుంటది."

"ఆటోనా?"

"ఆటోకు మూడే గద మేడమ్."

విద్యావతి చిక్కుడుకాయల మీద పళ్లెం బోర్లించింది.

*

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండంతస్తుల పాత ఇల్లు. పైన కాపురం. కింద వర్క్‌షాపు. ఓనరు జగన్మోహనరావు. వయసు అరవై నాలుగు. అబిడ్స్‌లో ఆయనకు షోరూం ఉంది. మట్టి ట్రాకుల మీద నడిపే క్వాడ్ బైకులు అమ్ముతాడు, కిరాయికిస్తాడు.

"మా నాన్నగారు యాభై ఆరులో గుంటూరు నుంచి సెక్రటేరియట్ గుమాస్తాగా వచ్చారండి. అప్పటి నుంచి ఈ గల్లీలోనే ఉన్నాం. ఒక్క సైకిలు పోలేదు. ఇప్పుడు చూడండి."

వర్క్‌షాపు మధ్యలో ఖాళీ చోటు. ఆ చోట్లో నాలుగు నిమ్మకాయలు. ముందు రెండు, వెనక రెండు. మంచం తీసేశాక కోళ్ల గుర్తులు నాలుగూ మిగిలినట్టుగా ఉంది.

"ఏం బండి?"

"తూఫాన్ 450. స్పోర్ట్ క్వాడ్. పెద్దదీ కాదు, పిల్లలదీ కాదు. నడి సైజు. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ అడిగేది దాన్నే."

"ఎప్పుడు చూసిన్రు చివరిసారి?"

"నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి. నేనూ మా ఆవిడా దసరా జమ్మి ఆకు పెట్టి రావడానికి ఖైరతాబాద్‌లో మా తమ్ముడింటికి వెళ్లాం. ఎనిమిదీ పదికి తిరిగొచ్చాం. అలసిపోయి నేరుగా పైకెళ్లిపోయాం. పొద్దున ఆరున్నరకు మా ఆవిడ ఆయుధ పూజ దీపంలో నూనె పోద్దామని కిందికి దిగితే..."

భార్య కమలకుమారి తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో నూనె గిన్నె ఇంకా అలాగే ఉంది.

"మీరు వెళ్లినప్పుడు ఇంట్ల ఎవరున్నరు?"

జగన్మోహనరావు మెట్ల వైపు చూశాడు.

"మా అమ్మాయి. హైందవి. పైన గదిలో."

"ఇంకా?"

"శ్రీపతి. మా మెకానిక్. పందొమ్మిదేళ్ల నుంచి ఉన్నాడు. దీపం కొండెక్కకుండా చూడమని నేనే రమ్మన్నాను. నాలుగూ యాభైకి వచ్చి, ఏడూ నలభైకి వెళ్లాడట. అప్పటికి బండి ఇక్కడే ఉందన్నాడు."

గల్లీ మలుపులో టైలర్ షాపుకు కెమెరా ఉంది. భూపాల్ అప్పటికే చూసొచ్చాడు.

"సార్ చెప్పిన టైములు కరెక్టే మేడమ్. శ్రీపతి స్కూటరు మీద ఒక్కడే వచ్చిండు, ఒక్కడే పోయిండు. క్వాడ్ బయటికి రాలే. గని ఏడూ నలభై అయిదుకు కరెంటు పోయింది. ఎనిమిదీ అయిదుకు వచ్చింది. ఆ ఇరవై నిమిషాలు కెమెరా బంద్."

ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఇంట్లో ఉన్నది హైందవి ఒక్కతే.

"అమ్మాయికీ మీకూ ఏమన్న గొడవ అయ్యిందా?"

"నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర." జగన్మోహనరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ బండి అమ్మేస్తున్నాను. ఇవాళ తొమ్మిదీ పదికి ముహూర్తం. నిమ్మకాయలు తొక్కించి అప్పగించాలి. మా అమ్మాయి దాని మీద రేసులకెళ్తుంది. పద్దెనిమిది రోజుల్లో రేసు. కొనేవాడికిచ్చే బదులు తగలబెడతానంది. ఎస్సైగారూ, మా అమ్మాయే ఇది చేయించి ఉంటే దాని పేరే రాయండి. నాకేం మొహమాటం లేదు."

కమలకుమారి చేతిలో గిన్నె ఒరిగింది. నూనె గడప మీద చిందింది.

*

హైందవికి ఇరవై నాలుగేళ్లు. కుడి మోకాలికి బెల్టు. మెట్ల మీద కూర్చుని ఉంది.

"నిన్న సాయంత్రం ఏం చేసినవ్?"

"పడుకున్న."

"పండగ పూట?"

"ఏడ్చి పడుకున్న మేడమ్. రాసుకోండి, ఏం పర్వాలేదు."

"కింద ఏమన్న సప్పుడు వినిపించిందా?"

"ఫ్యాను పెట్టుకున్న. కానీ ఇంజిన్ స్టార్ట్ అయితే మాత్రం లేచేదాన్ని. ఆ సౌండు నాకు నిద్రలో కూడా తెల్సు."

"రేసు పోతే ఏమైతది?"

"ఈసారి మొదటి ముగ్గురిలో వస్తే టీంలో తీసుకుంటరు. లేకపోతే డాడీ చూసిన సంబంధం." నవ్వబోయి ఆగిపోయింది. "నా పేరు కేసులో రాస్తే రెండూ ఉండవు, గంతే."

"బండి ఎందుకు అమ్ముతున్నరు?"

"వాడి వల్ల." గేటు వైపు చూపించింది.

అప్పుడే ఆకాష్ లోపలికి వస్తున్నాడు. టైం తొమ్మిదీ అయిదు. చేతిలో మిఠాయి డబ్బా, మెడలో కెమెరా. క్వాడ్ బైకుల మీద వీడియోలు చేస్తాడు. బండి కొంటున్నది అతనే. విషయం విని డబ్బా స్టూలు మీద పెట్టాడు.

"ఏంది అంకుల్, లాస్ట్ పీస్ అని మాయం చేసిన్రా?"

"లాస్ట్ పీస్ అని ఎవరన్నరు?" విద్యావతి అడిగింది.

"నేనే మేడమ్. ఎనిమిది నెలల నుంచి చెప్తున్న. వచ్చే ఏడు నుంచి తూఫాన్ 450 ఖతం. పొగ రూల్స్ టైట్ అయితున్నయి. పెద్ద ఇంజిన్‌ది ఎట్లనో పాస్ చేయిస్తరు. పిల్లలది కరెంటుకు మారుస్తరు. నడుమ ఉన్నదే పోతది."

"కంపెనీ చెప్పిందా?"

"చెప్పలే."

"మరి?"

"చెప్పకపోవుడే గద మేడమ్ పాయింటు. మూడేండ్లయింది, ఒక్క బోల్టు మార్చలే. బంద్ చేసే బండికి ఎవరన్న ఖర్చు పెడతరా?"

"ఒకసారి రివర్స్ గేర్‌తో కొత్తది వస్తదన్నవ్," హైందవి మెట్ల మీద నుంచే అంది. "ఇంకోసారి ఫ్యాక్టరీలో ఆ లైనే తీసేసిన్రన్నవ్. రెండూ నువ్వే చెప్పినవ్."

"చాన్స్ ఉన్నది అన్న. గట్లనే అయితది అన్లే."

జగన్మోహనరావు అడ్డుపడ్డాడు. "ఏదైనా కానీండి. ఆగిపోయాక స్పేర్లు దొరకవు. ఇప్పుడే ఇచ్చేస్తే మేలు అనుకున్నాను. కిరాయికి తిరిగే ఇదే రకం బళ్లు నాలుగూ కూడా తుక్కుకిచ్చి, ఈ వర్క్‌షాపు ఎవరికైనా అద్దెకిద్దామని."

మూలన నిలబడ్డ మనిషి తల వంచుకున్నాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. గోళ్ల సందుల్లో ఎప్పటికీ పోని నలుపు.

"శ్రీపతి నువ్వేనా?"

"ఔ మేడమ్."

"వర్క్‌షాపు బంద్ అయితే నువ్వేం చేస్తవ్?"

"తెల్వది మేడమ్. నాకు ఈ బండ్లు తప్ప ఇంకోటి రాదు. పెద్ద కంపెనీ షోరూంలకు పోతే లాప్‌టాప్ పట్టుకొమ్మంటరు."

"నిన్న నువ్వు పోయేటప్పుడు బండి ఉందా?"

"ఉంది."

"పనిముట్లేమన్న ముట్టుకున్నవా?"

"అయ్యో, ఆయుధ పూజ నాడు పానా ముట్టుకుంటరా మేడమ్?" ఈ ఒక్క జవాబు మాత్రం గబుక్కున వచ్చింది. "అవి నిద్రల ఉంటయి. తెల్లారి అమ్మ హారతి ఇచ్చినంకనే."

విద్యావతి పూజ పీట ముందు కూర్చుంది. మోకాళ్లు పటపటమన్నాయి. ఎర్రగుడ్డ మీద పానాలు వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఇరవై రెండు. ప్రతిదానికీ బొట్టు.

చాలాసేపు చూసింది. ఒకదాని మీద వేలు పెట్టింది. తర్వాత ఇంకోదాని మీద. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"భూపాల్, లోపల మొత్తం వెతికినవా?"

"వెతికిన మేడమ్. బండి లేదు. అటక మీద పాత ఫ్రేములు, టైర్లు, డబ్బాలు. గంతే."

"ఫ్రేములెన్ని?"

"అయిదు."

"సార్, మీ లెక్క ప్రకారం?"

జగన్మోహనరావు నుదురు చిట్లించాడు. "నాలుగండి. ఎప్పుడో మూలనపడ్డ పాత బళ్లవి."

అందరూ అటక వైపు చూశారు. బయట రైలు కూత వినిపించింది.

*

విద్యావతి స్టూలు మీద కూర్చుంది. నిలబడే ఓపిక లేదు ఆమెకు.

"దొంగలు ఇరవై నిమిషాలల్ల బండి తీసుకపోయిన్రు అనుకుందాం. తోసుకుంట పోతే నిమ్మకాయలు చితకాలె. బండి నూట అరవై కిలోలు. ఎత్తుకపోవాలంటే నలుగురైదుగురు ఉండాలె. కరెంటు లేదు, చీకటి. అంతమంది కాళ్ల కింద ఒక్క నిమ్మకాయన్న కదలదా? నాలుగూ పెట్టినచోటనే ఉన్నయి. అంటే బండి పక్కకు పోలేదు. జాకీ మీద నిటారుగ పైకి లేచింది. లేచి, అక్కడనే చక్రాలు విడిచింది. మిగతాది కూడ ఒక్కొక్కటే ఊడింది."

"విప్పేశారా?" జగన్మోహనరావు అడిగాడు.

"బండి ఈ గదిల నుంచి బయటికే పోలేదు సార్. మనమంతా బండి కోసం వెతికినం. అది ముక్కలై ఆ అటక మీదనే ఉంది, అయిదో ఫ్రేము దానిదే."

"ఎవరు?"

విద్యావతి కమలకుమారి వైపు తిరిగింది. "అమ్మా, పానాలకు బొట్టు ఎట్ల పెట్టిన్రు?"

"ముందు గంధమండి. దాని మీద కుంకుమ. లేకపోతే ఇనుముకి అంటదు."

"పదిహేను పానాలకు గట్లనే ఉంది. గంధం ఎండి, ఎర్ర బొట్టు చుట్టూ తెల్ల అంచు. ఏడింటికి అంచు లేదు. వాటికి కుంకుమ నూనెతో అంటించి ఉంది. ఇంజిన్ ఆయిల్. వాసనొస్తున్నది." వేలు చూపించింది. "దొంగ అయితే పానా వాడి విసిరేసి పోతడు. హైందవి స్నేహితులైతే పూజ సంగతే పట్టించుకోరు. పండగ నాడు పానాను నిద్ర లేపినందుకు భయపడి, తుడిచి, దానికి మళ్ల బొట్టు పెట్టేటోడు ఒక్కడే ఉంటడు. పూజల పెట్టిన నిమ్మకాయ కదిలించొద్దని జాగర్తపడేటోడు గూడ వాడే. గంధం గిన్నె పైన దేవుడి గదిల ఉంది. కింద కుంకుమ ఉంది గని, అంటించెతందుకు అతనికి దొరికింది నూనె ఒక్కటే."

శ్రీపతి గోడకు ఆనుకున్నాడు.

"బిడ్డ పేరు రాయకున్రి మేడమ్," అన్నాడు. "ఆమెకేం తెల్వదు. కరెంటు పోయిన సంగతి గూడ నాకు తెల్వది."

"ఎందుకు చేసినవ్?"

"ముక్కలైతే ఈ పిలగాడు కొనడనుకున్న. స్పేర్లు రాకున్నా ఈ ముక్కలతోని కిరాయి బండ్లు నాలుగూ అయిదేండ్లు నడుస్తయి. నడిస్తే వర్క్‌షాపు ఉంటది." గోళ్ల నలుపును గోరుతో గీకాడు. "ముందుగాల రేసుకు బిడ్డకు మళ్ల బిగించి ఇచ్చి, ఆ తర్వాతనే ముక్కలు వాడుదామనుకున్న. దొంగతనం అంటరని, బిడ్డ మీదికి వస్తదని... నాకు అంత ఆలోచన రాలే."

"శ్రీపతన్నా, నాకొక్క మాట చెప్పొద్దా?" హైందవి అంది.

అతను ఆమె వైపు చూడలేదు.

విద్యావతి నోట్‌బుక్ మూసింది. "బండి ఇంట్లనే ఉంది. పోనిదానికి కేసు లేదు. సార్, మీ కంప్లయింట్ వాపస్ తీసుకోన్రి."

జగన్మోహనరావు తల ఊపాడు. కూతురి వైపు చూడాలనుకుని నేల వైపు చూశాడు.

*

శ్రీపతి అటక ఎక్కాడు. ఫ్రేము దించాడు. ఎవరూ చెయ్యి వేయలేదు. వేస్తామన్నా అతను వేయనివ్వడు. పది దాటింది. పదకొండు దాటింది. విద్యావతి వెళ్లిపోవచ్చు. వెళ్తే ఎవరో ఒకరు ఏదో ఒక మాట అంటారు. అందుకే కూర్చుంది. మధ్యలో ఒకసారి కునుకు పట్టింది.

పన్నెండూ ఇరవైకి ఆకాష్ ఫోను మోగింది. చూసుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏంది?" హైందవి అడిగింది.

"కంపెనీ లిస్టు వచ్చింది. వచ్చే ఏటిది."

"ఖతమా?"

"ఉన్నది. గదే బండి, గదే ఇంజిన్." గొంతు సవరించుకున్నాడు. "స్టిక్కర్ల రంగు మార్చిన్రు. పసుపు తీసి నీలం పెట్టిన్రు."

ఇంజిన్ బోల్టు బిగిస్తున్న శ్రీపతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

"అయితే అంకుల్, కొత్తది వస్తుండంగ పాతది ఎందుకు గని..." ఆకాష్ గేటు వైపు నడిచాడు. మిఠాయి డబ్బా స్టూలు మీదే ఉండిపోయింది.

ఒకటీ నలభైకి బండి నాలుగు చక్రాల మీద నిలబడింది. ప్రతి చక్రం ముందూ ఒక నిమ్మకాయ. శ్రీపతి స్టార్ట్ చేశాడు. గదంతా అదిరింది. చెవి వంచి విన్నాడు. ఆపేశాడు.

ఏడు పానాలూ గుడ్డతో తుడిచి పీట మీద పెట్టాడు. ఈసారి బొట్టు పెట్టలేదు. కమలకుమారి పైకెళ్లి గంధం గిన్నె తెచ్చింది. ఒక్కొక్కదానికి గంధం అద్ది, కుంకుమ పెట్టింది. ఏడూ అయ్యేదాకా అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జగన్మోహనరావు గొంతు విప్పాడు. "శ్రీపతీ, జరిగిందేదో జరిగింది. షట్టరు తీయాలి. రేపు పదింటికి వచ్చెయ్."

శ్రీపతి జేబులోంచి రెండు తాళం చెవులు తీశాడు. బండిది హైందవి అరచేతిలో పెట్టాడు. పందొమ్మిదేళ్లుగా తన దగ్గరున్న షట్టరుది పీట మీద, పానాల పక్కన పెట్టాడు.

గడప మీద పొద్దున చిందిన నూనె అలాగే ఉంది. కాలు పడకుండా దాన్ని దాటి బయటికి నడిచాడు.